కోల్‌కతా పవర్ సెంటర్: ఇంటెల్, ఏఎండీల పోటీతో దాని బంధుత్వం

కోల్‌కతా: ప్రధాని నరేంద్ర మోదీ, నాటి అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ 2024 సెప్టెంబరు 21న విడుదల చేసిన ఉమ్మడి ప్రకటనలో ‘జీఎఫ్ కోల్‌కతా పవర్ సెంటర్’ ప్రస్తావన ఉంది. దీనిని స్థాపించేది గ్లోబల్‌ఫౌండ్రీస్ అనే చిప్‌ల తయారీ సంస్థ. పేరును ‘విద్యుత్ కేంద్రం’ అని అనువదిస్తే పాఠకునికి బొగ్గు, టర్బైన్లు తోస్తాయి. ‘చిప్ కర్మాగారం’ అన్నా పొరపాటే. ప్రకటనలో ఉన్నది చిప్‌ల తయారీకి సంబంధించిన పరిశోధన, అభివృద్ధి. జాతీయ భద్రతా అవసరాలకు నెలకొల్పదలచిన చిప్ ఫ్యాక్టరీ సంగతి అదే ప్రకటనలో విడిగా ఉంది. రెండింటినీ కలిపి చదవరాదు.

గ్లోబల్‌ఫౌండ్రీస్ పుట్టుకకు మూలం ప్రాసెసర్ల పోటీ. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌కు ఇంటెల్ 8088ను ఎంచుకుంది. అయితే సరఫరాకు ఒక్క సంస్థపైనే ఆధారపడడం దానికి సమ్మతం కాలేదు. ఫలితంగా 1982 నాటి ఒప్పందంతో ఇంటెల్ ప్రాసెసర్లకు ఏఎండీ రెండో తయారీదారు అయింది. 386 వద్ద ఆ పొత్తు చెడింది. ఇంటెల్ నమూనా ఇవ్వకపోవడంతో ఏఎండీ తానే రూపొందించుకుని 1991లో మార్కెట్‌లోకి తెచ్చింది. 2003లో ఇంటెల్ ప్రాసెసర్ల ఆదేశావళిని 64 బిట్లకు విస్తరించింది కూడా ఏఎండీయే. ఇటానియంతో వేరే దారి పట్టిన ఇంటెల్, మరుసటి ఏడాది ప్రత్యర్థి పద్ధతినే అనుసరించింది.

నమూనా రూపొందించడం ఒక ఎత్తు, ఫ్యాక్టరీని పోషించడం మరో ఎత్తు. 2009లో ఏఎండీ తన తయారీ విభాగాన్ని వేరుచేయగా, అబుధాబి పెట్టుబడితో అది గ్లోబల్‌ఫౌండ్రీస్ అయింది. 2018 ఆగస్టులో ఆ సంస్థ 7 నానోమీటర్ల సాంకేతికత అభివృద్ధిని నిలిపివేసింది. (ఈ అంకె ఇప్పుడు ఒక తరం పేరే తప్ప కొలత కాదు.) ఏఎండీ తన కొత్త ప్రాసెసర్లను తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీకి అప్పగించింది.

ఆ పరుగు నుంచి తప్పుకున్న గ్లోబల్‌ఫౌండ్రీస్ ఇతర రకాల చిప్‌లపై దృష్టి సారించింది. 2024 జులైలో టాగోర్ టెక్నాలజీ నుంచి గాలియం నైట్రైడ్ పవర్ సాంకేతికతను కొనుగోలు చేసింది. 2011లో ప్రారంభమైన టాగోర్‌కు అమెరికాలోని ఇల్లినాయిస్‌తోపాటు కోల్‌కతాలోనూ డిజైన్ కేంద్రం ఉండేది. గాలియం నైట్రైడ్ స్విచ్‌లు సిలికాన్ స్విచ్‌ల కంటే వేగంగా పనిచేస్తాయి, వేడి రూపంలో వృథా అయ్యే విద్యుత్తు తగ్గుతుంది. ఫోన్ ఛార్జర్లు చిన్నవి కావడానికి ఇదొక కారణం. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లతో నడిచే డేటా సెంటర్లకూ ఇప్పుడు ఇదే పొదుపు అవసరం.