ఆగిన గుండె, అలవడవలసిన చేతులు

హైదరాబాదుకు ఉత్తరమున, మేడ్చల్, శామీర్‌పేటల నడుమ దేవరయాంజాల్ అను గ్రామము కలదు. 108 అంబులెన్సులు నడుపు సంస్థ కేంద్రము, శిక్షణాలయము అక్కడనే ఉన్నవి. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. కాని ఆగిపోవు ప్రాణమును నిలుపు విద్యతో మన నగరమునకు గల సంబంధము అంతకంటె పాతది.

19వ శతాబ్దమున క్లోరోఫారము ఇచ్చిన రోగులు కొందరు శస్త్రచికిత్స బల్లపైననే మరణించుచుండిరి. ముందు ఆగునది ఊపిరియా, గుండెయా? హైదరాబాదు వైద్య పాఠశాలాధికారి ఎడ్వర్డ్ లారీ, ఊపిరియే అనెను. 1888లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో పరీక్షలు జరిపిరి. లండను వైద్యులు ఒప్పుకొనలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ద్రవ్యసహాయము చేయగా, 1889లో లాడర్ బ్రంటన్ ఇంగ్లండునుండి వచ్చెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు మరల జరిగినవి. తీర్పు మారలేదు: ఊపిరిని కనిపెట్టిన చాలును, గుండెకు భయము లేదు!

శ్రమకు లోపము లేదు. తీర్పులోనే సగము పొరపాటు. క్లోరోఫారము కొద్దిగా ఇచ్చినపుడు కూడ గుండె జఠరికలు కంపనమున పడి హఠాన్మరణము కలుగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై నిరూపించెను. జఠరికా కంపనమనగా ఏమి? మోటకు కట్టిన ఎడ్లు ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కునకు లాగినచో బాన పైకి రాదు గదా! గుండె కండరపు పోగులును అట్లే విడివిడిగా అదరును. రక్తము మాత్రము కదలదు.

ఈ కంపనమును విద్యుద్ఘాతముతో అణచు యంత్రమే డీఫిబ్రిలేటరు. 1947లో క్లాడ్ బెక్ ఒక బాలుని రొమ్ము తెరచి గుండెకు నేరుగా విద్యుత్తు ఇచ్చి బ్రతికించెను. 1956లో పాల్ జోల్ రొమ్ము తెరువకయే ఆ పని చేసెను. 1962లో బెర్నార్డ్ లౌన్ కండెన్సరులో నింపిన విద్యుత్తును వాడెను. మన తరగతిలో చెప్పు కండెన్సరే ఇది. మరి యంత్రము వచ్చువరకు? రొమ్ముపై చేతులతో నొక్కినను రక్తము కొంత ప్రసరించునని 1960లో కౌవెన్‌హోవెన్ బృందము ప్రకటించినది. ఆయన వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు! ఆ యేడే నార్వేలో ఆటబొమ్మలు చేయు ఆస్మండ్ లేర్డాల్, ఈ విద్య నేర్చుటకై నిలువెత్తు బొమ్మను తయారుచేసెను.

ఆసుపత్రి మంచముకడకు ముందు చేరునది తరచుగా నర్సు. వైద్యుడు వచ్చులోపలి నిమిషములు ఆమెవే. ఏ సాయమును లేనిచో ఒక్కొక్క నిమిషమునకు బ్రతుకు అవకాశము నూటికి 7 నుండి 10 వంతులు తగ్గును.

2020లో కోవిడ్ వలన కళాశాలలు మూతపడగా, పాఠములు ఆన్‌లైనుకు మారినవి. ఆ ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము దీక్షా వేదికపై వైద్యులకు, నర్సులకు పాఠములను అందించినది. దీనిని తీసివేయరాదు. ఈ.సి.జి. గీతలో విద్యుద్ఘాతము ఇయ్యదగినది ఏది, ఇయ్యరానిది ఏది అనునది పదిమార్లు చూచి నేర్చుటకు తెరను మించినది లేదు. యంత్రపు మీటల వరుసయు అట్లే. ఆగి, వెనుకకు పోయి, మరల చూడవచ్చును. నిండిన తరగతిలో వెనుక నిలిచిన బాలికకు ఆ వీలు ఎక్కడిది?

కాని పెద్దవారి రొమ్ము 5, 6 సెంటీమీటర్లు దిగునట్లు నిమిషమునకు 100 నుండి 120 మార్లు నొక్కవలెను. ప్రతి నొక్కునకు రొమ్మును పూర్తిగా లేవనీయవలెను. ముసుగును ముఖమునకు గాలి చొరనట్లు అదిమి, రెండవ చేత సంచిని పిసుకవలెను. ఈ బిగువు తెరపై ఎట్లు తెలియును? పైగా నేర్చిన పాటవము కొన్ని నెలలలోనే సడలును. అందుచే తెరపై పాఠము ముగిసిన పిమ్మట బొమ్మముందు మోకరిల్లు గంటలను తగ్గించుట నా దృష్టిలో తగని పొదుపు. బొమ్మ కొనలేని చోట గట్టి దిండైనను ఉండవలెను. అది లోతును కొలువదు గాని, రెండు నిమిషములలో చేతులు ఎంత అలయునో తెలుపును. అలసిన వారిని అంతలోనే మార్చవలెనను నియమము అందుకొరకే పెట్టిరి.