ఆ పిడికిలి బలం ఎక్కడిది?

1964 ఆగస్టు 2. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాంగ్ బీచ్. ఎడ్ పార్కర్ అనే కరాటే గురువు తొలిసారిగా ఏర్పాటు చేసిన అంతర్జాతీయ కరాటే పోటీలు అక్కడ జరుగుతున్నాయి. ప్రదర్శన ఇవ్వడానికి ఇరవై మూడేళ్ల యువకుడొకడు ముందుకొచ్చాడు. సన్నటి ఒళ్లు, చురుకైన కళ్లు. ముందు రెండు వేళ్ల మీద దండీలు తీశాడు. తర్వాత బాబ్ బేకర్ అనే ఆయన్ని ఎదురుగా నిలబెట్టుకుని, ఆయన వెనక కుర్చీ వేయించాడు. తన కుడి చేతిని బేకర్ ఛాతీకి అంగుళం దూరంలో ఉంచాడు. చెయ్యి వెనక్కి లాగలేదు, ఊపూ తీసుకోలేదు. మరుక్షణం బేకర్ వెళ్లి కుర్చీలో పడ్డాడు. కుర్చీతో సహా వెనక్కి జారిపోయాడు.

ఆ యువకుడు బ్రూస్ లీ. ఆ దెబ్బ ‘వన్ ఇంచ్ పంచ్’గా లోకమంతా పాకింది. చూసినవాళ్లు చెప్పారు, విన్నవాళ్లు పెంచారు. అది కండబలం కాదు, ‘చీ’ అనే ప్రాణశక్తి అన్నారు. అంతదాకా పోని వాళ్లు కనికట్టు అని కొట్టిపారేశారు. ఆ దెబ్బలో మోసం లేదు, మంత్రమూ లేదు. దాన్ని అతీతశక్తి ఖాతాలో వేసిన ప్రతిసారీ, ఏళ్ల తరబడి చెమటోడ్చి దాన్ని సాధించిన మనిషికి మనం అన్యాయం చేస్తున్నాం.

బ్రూస్ లీ పెరిగింది హాంకాంగ్‌లో. టీనేజీలోనే ఇప్ మాన్ అనే గురువు దగ్గర ‘వింగ్ చున్’ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఎదుటివాడికి అతి దగ్గరగా నిలబడి పోరాడే విద్య అది. చెయ్యి బాగా వెనక్కి తీసి గుద్దేంత చోటు అందులో దొరకదు. అందుకే కొద్దిపాటి దూరంలోనే ఒంట్లోని బలమంతా పిడికిట్లోకి తేవడం వింగ్ చున్ వాళ్లు తరాలుగా సాధన చేస్తున్నారు. లీ అక్కడితో ఆగలేదు. హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ డెంప్సీ 1950లో బాక్సింగ్ మీద రాసిన పుస్తకాన్నీ శ్రద్ధగా చదివాడు. గుద్దులో చేతి బరువు కాదు, ముందుకు తూలే ఒంటి బరువు ఉండాలన్నది డెంప్సీ బోధ.

లాంగ్ బీచ్ దృశ్యాలు ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. చాలామంది పిడికిలినే చూస్తారు. చూడాల్సింది కాళ్లను. పాదం నేలను తంతుంది. మోకాలు నిటారవుతుంది. ఆ ఊపు తుంటికెక్కి నడుమును తిప్పుతుంది. నడుము భుజాన్ని తోస్తుంది, మోచెయ్యి చాచుకుంటుంది, ఆఖరున మణికట్టు పైకి ఎగురుతుంది. చర్నాకోల ఝళిపించినప్పుడు పిడి దగ్గర పుట్టిన కదలిక చివరి కొసలో ఛెళ్లుమన్నట్టే, ఇక్కడ పాదం దగ్గర పుట్టింది పిడికిట్లో తేలుతుంది. పిడికిలి కదిలింది అంగుళమే కానీ మనిషి కదిలింది అంతకంటే చాలా ఎక్కువ. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. బేకర్ వెనక్కి పడటం ఆ దెబ్బలోని తోపును చూపిస్తుంది. ఎముక విరిచే దెబ్బ వేరు, మనిషిని వెనక్కి పంపే దెబ్బ వేరు. లీ ఆరోజు చూపించింది ప్రధానంగా రెండోది.

కదలికల సమన్వయమే ఇందులో అసలు కిటుకని 2012లో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు తేల్చారు. పన్నెండుమంది కరాటే బ్లాక్ బెల్టులను, కరాటే తెలియకపోయినా క్రమం తప్పక వ్యాయామం చేసే మరో పన్నెండుమందిని తీసుకున్నారు. అందరిచేతా కేవలం ఐదు సెంటీమీటర్ల దూరం నుంచి గుద్దించారు. బ్లాక్ బెల్టుల గుద్దే బలంగా ఉంది, కానీ ఆ తేడా కండబలంతో రాలేదు. భుజమూ మణికట్టూ ఒకే అదనులో గరిష్ఠ వేగం అందుకోవడంతో వచ్చింది. వాళ్ల మెదళ్లను స్కాన్ చేస్తే, కదలికల సమన్వయం చూసే చిన్నమెదడులోనూ, కండరాలను నడిపించే భాగంలోనూ నరాల తీగల అల్లిక తేడాగా కనబడింది. సాధన కండల్లోనే కాదు, మెదడులో కూడా గుర్తు వదిలిందన్నమాట.

ఇక ఇటుకలూ పలకలూ పగలగొట్టడం. సుమన్, భానుచందర్ తెరమీద కరాటే చేస్తున్న 1980లలో మన ఊళ్లలోనూ ఆ గాలి గట్టిగా వీచింది. స్కూలు వార్షికోత్సవమంటే పెంకులు పగలగొట్టే కుర్రాడు ఉండాల్సిందే. ఇందులోని రహస్యాన్ని విప్పినవారిలో ఒకరిని ప్రత్యేకంగా తలుచుకోవాలి. ఆయన పేరు రొనాల్డ్ మెక్‌నేర్. దక్షిణ కరోలినాలోని లేక్ సిటీ అనే చిన్న ఊళ్లో, నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. ఎంఐటీలో లేజర్ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. కరాటేలో బ్లాక్ బెల్టు. తన ఆచార్యుడు మైకేల్ ఫెల్డ్, మరో సహచరుడితో కలిసి 1979లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో కరాటే భౌతికశాస్త్రంపై వ్యాసం రాశాడు. 1984లో అంతరిక్షంలోకి వెళ్లొచ్చాడు. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయినప్పుడు అందులో ఉన్న ఏడుగురిలో ఆయనా ఒకరు. తను సాధన చేసే విద్యను తనే కొలిచి చూసుకునే నిజాయితీ ఎందరికి ఉంటుంది?

వాళ్లు వేగంగా మెరిసే దీపాల వెలుగులో దెబ్బలను ఫొటోలు తీసి లెక్కగట్టారు. పైనుంచి కిందికి వేసే దెబ్బలో చెయ్యి సెకనుకు 10 నుంచి 14 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే గంటకు దాదాపు 36 నుంచి 50 కిలోమీటర్లు. ఆ దెబ్బలో 3,000 న్యూటన్లకు పైగా బలం ఉంటుంది. 300 కిలోల బరువు మీద పడ్డట్టే, కాకపోతే సెకనులో కొన్ని వెయ్యో వంతుల సేపే. చెయ్యి పూర్తిగా చాచుకోకముందే, దాదాపు ముప్పాతిక వంతు దగ్గర, వేగం గరిష్ఠానికి చేరుతుంది. ‘పలకను కొట్టకు, పలక వెనక ఉన్నదాన్ని కొట్టు’ అని గురువులు చెప్పే మాటకు లెక్క అదీ. పలకను తాకేసరికే చెయ్యి మందగిస్తే పగిలేది పలక కాదు, వేళ్లు.

మరి ఎముక ఎందుకు విరగదు? ఎముక కాంక్రీటు కంటే 40 రెట్లు ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుందని ఆ వ్యాసం చెప్పింది. పైగా కాంక్రీటు నొక్కుడుకు ఎంత గట్టిదో సాగదీతకు అంత బలహీనం. రెండు అంచుల మీద ఆనించిన పలకను నడిమధ్య కొడితే అది కిందికి వంగుతుంది. అడుగుభాగం సాగి బీటలిస్తుంది. చెక్కనైతే పోగుల వెంబడి చీలేలా పెడతారు. పలకల మధ్య సందు వదిలితే పైది పగిలి కిందదాన్ని పగలగొట్టడంలో సాయపడుతుంది. ఇది మోసం కాదు, పదార్థం గుణం తెలిసి కొట్టడం. అయితే గోడ అలా వంగదు. కోపంలో గోడను గుద్ది చిటికెన వేలి వెనక ఎముక విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లు ఎముకల డాక్టర్లందరికీ పరిచయమే.

ఇంతవరకూ కొలతకు అందేది. ఆ తర్వాత వచ్చేది ‘మృత్యుస్పర్శ’. చైనా కథల్లో ‘డిమ్ మాక్’ అంటారు. ఒంట్లో ఫలానా చోట వేలితో తాకితే మనిషి అక్కడికక్కడే పోతాడని, లేదా కొన్నాళ్లకు పోతాడని నమ్మకం. 1960ల చివర్లో షికాగోకు చెందిన జాన్ కీహాన్ ‘కౌంట్ డాంటే’గా పేరు మార్చుకుని, ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన మనిషిని నేనేనంటూ ఈ విద్యను కామిక్ పుస్తకాల్లో ప్రకటనలిచ్చి అమ్మాడు. 1970లో తన మనుషులతో ఒక ప్రత్యర్థి కుంగ్‌ఫూ పాఠశాల మీదికి దాడికి వెళ్లాడు. అక్కడ ఏ మృత్యుస్పర్శా పనిచేయలేదు. అతని స్నేహితుడే కత్తిపోటుకు చనిపోయాడు.

1973 జూలై 20న బ్రూస్ లీ చనిపోయినప్పుడూ ఇదే కథ మళ్లీ లేచింది. ఎవరో ముందే తాకి ఉంటారన్నారు. నిజానికి మెదడు వాచి చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో కూడా మెదడు వాపుతోనే కుప్పకూలి ఆసుపత్రి పాలయ్యాడు. ముప్పై రెండేళ్ల వయసులో పోయిన మనిషి గురించి లోకం అద్భుతాన్నే వెతుక్కుంది.

అయితే ఆయువుపట్లు అన్న ఆలోచన మొత్తం కల్పన అనడానికి వీల్లేదు. సుశ్రుత సంహిత 107 మర్మస్థానాలు చెప్పింది. అందులో 19 దెబ్బతింటే వెంటనే ప్రాణం పోతుందని, ఆ జాబితాలో గుండెనూ చేర్చింది. శస్త్రవైద్యుడి కత్తి ఎక్కడ జాగ్రత్తగా కదలాలో చెప్పడానికి కూడా పనికొచ్చే జ్ఞానమది. కేరళ యుద్ధకళ కళరిపయట్టులో మర్మవిద్యను చిట్టచివర, నమ్మకస్తుడైన శిష్యుడికే ఇస్తారు. ఆ గురువులే ఎముకలు సరిచేసే వైద్యులు కూడా. కొట్టే విద్యను మాన్పే విద్యతో ముడిపెట్టిన ఆ సంప్రదాయం నాకు మృత్యుస్పర్శ కథలన్నిటికంటే గొప్పగా తోస్తుంది.

ఛాతీ మీద దెబ్బ గురించి ఆధునిక వైద్యం కనుగొన్నది ఇంకా భయపెడుతుంది. గుండె ఒకసారి కొట్టుకుని మరోసారికి సిద్ధమయ్యే మధ్యలో, సెకనులో దాదాపు యాభయ్యో వంతు కాలం ఉంటుంది. సరిగ్గా అప్పుడు గుండెకు ఎదురుగా దెబ్బ తగిలితే లయ తప్పి గుండె ఆగిపోవచ్చు. పక్కటెముక విరగనక్కర్లేదు. మామూలు బంతి దెబ్బ చాలు. దీన్ని కమోషియో కార్డిస్ అంటారు. 1998లో బోస్టన్ పరిశోధకులు మత్తిచ్చిన పందిపిల్లల మీద దీన్ని రుజువు చేశారు. ఎక్కువగా బలయ్యేది ఛాతీ ఇంకా గట్టిపడని పిల్లలే. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ మైదానంలో కుప్పకూలింది ఇందువల్లే. అక్కడికక్కడే సీపీఆర్ చేసి, విద్యుత్ షాక్ ఇవ్వడంతో బతికాడు. ఏ గురువూ ఆ క్షణాన్ని గురిచూసి కొట్టలేడు, ఏ గురువూ దాన్ని తప్పించనూలేడు.

అందుకే తల్లిదండ్రులకు, కరాటే నేర్పేవాళ్లకు ఒక విన్నపం. బలం చూపించడానికి పిల్లల ఛాతీ మీద గుద్దకండి, గుద్దించకండి. ఎదుగుతున్న చేతులతో పెంకులు పగలగొట్టించకండి. మీ పిల్లల్ని చేర్పించే ముందు, సీపీఆర్ చేయడం వచ్చా అని గురువును అడగండి. రాదంటే, ముందు అది నేర్చుకుని రమ్మనండి.