పాత సైనిక ట్రక్కులు: కొలిమికి వెళ్లాలా, వారసత్వంగా నిలవాలా?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను అప్పటి రాష్ట్రపతి డాక్టర్ బాబూ రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. అదే ఏడాది జబల్‌పూర్‌లోని గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో ‘శక్తిమాన్’ సైనిక ట్రక్కుల తయారీ మొదలైంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడే వరకు ఈ రెండు నగరాలూ మధ్యప్రదేశ్‌లోనే ఉండేవి. స్వతంత్ర భారత పారిశ్రామిక స్వావలంబనకు ఒకే ఏడాది పడిన రెండు పునాదులుగా వీటిని చెప్పవచ్చు.

కర్మాగారం నేటికీ పనిచేస్తోంది. శక్తిమాన్ మాత్రం సైన్యం నుంచి ఎప్పుడో విరమించింది. సేవ ముగించుకుని వేలానికి వచ్చిన సైనిక ట్రక్కుకు సాధారణంగా రెండే దారులు. ఒకటి, తుక్కుగా మారి ఉక్కు కొలిమికి చేరడం. ఉక్కు తయారీ కన్వర్టర్లలో కరిగిన ఇనుముతో పాటు తుక్కును కూడా వేస్తారు. రెండోది, దానిని కొని, బాగుచేసి, కాపాడుకునే అభిరుచి గల వ్యక్తి షెడ్డుకు చేరడం. ఈ రెండో దారిలో వెళ్లాలనుకునేవారికి యంత్ర పరిజ్ఞానం ఎంత అవసరమో, చట్టంపై అవగాహన, పత్రాల విషయంలో జాగ్రత్త కూడా అంతే అవసరం.

ఏయే వాహనాలు?

భారతదేశంలో కనిపించే పాత సైనిక వాహనాలను స్థూలంగా రెండు తరాలుగా విభజించవచ్చు.

మొదటిది రెండో ప్రపంచ యుద్ధ తరం. విల్లీస్, ఫోర్డ్ జీపులు, డాడ్జ్ ట్రక్కులు, ఆరు చక్రాల జీఎంసీ ట్రక్కులు, కెనడాలో తయారైన ఫోర్డ్, షెవర్లే ట్రక్కులు ఈ కోవకు చెందుతాయి. అస్సాంలోని లేడో నుంచి బర్మా మీదుగా చైనాలోని కున్మింగ్ వరకు సాగిన 1,736 కిలోమీటర్ల మార్గంలో 1945లో సామగ్రిని చేరవేసినవి ఇలాంటి వాహనాలే. ఆ కాలంలోనే కెనడా ఛాసిస్‌లపై జంషెడ్‌పూర్ ఉక్కు పలకలను బిగించి భారత్‌లో సాయుధ వాహనాలు తయారు చేశారు. సైనికులు వాటిని ‘టాటానగర్’ అని పిలిచేవారు.

రెండోది జబల్‌పూర్ తరం. వి.కె. కృష్ణ మేనన్ రక్షణ మంత్రిగా ఉన్న కాలంలో జర్మనీ సంస్థ మాన్ లైసెన్సుతో శక్తిమాన్ ఉత్పత్తి ప్రారంభమైంది. జపాన్ సంస్థ నిస్సాన్ లైసెన్సుతో ‘వన్ టన్’ ట్రక్కు, నిస్సాన్ పెట్రోల్ నమూనా ఆధారంగా ‘జోంగా’ వచ్చాయి. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే ఆంగ్ల నామంలోని తొలి అక్షరాల కూర్పే జోంగా. అందులో 3,956 సీసీ సామర్థ్యం గల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ ఉండేది. 1965, 1971 యుద్ధాల్లో శక్తిమాన్ సైనిక రవాణాకు వెన్నెముకగా నిలిచింది. తరువాతి కాలంలో దాని స్థానాన్ని అశోక్ లేలాండ్ స్టాలియన్, టాటా ట్రక్కులు ఆక్రమించాయి. మాజీ క్రికెట్ సారథి మహేంద్ర సింగ్ ధోనీ 2019లో ఒక జోంగాను కొనుగోలు చేయడంతో ఈ వాహనాలపై సామాన్య ప్రజల దృష్టి పడింది.

పత్రాలు లేకుంటే తుక్కే

సైనిక వాహనాలకు రాష్ట్ర రవాణా శాఖ నంబరు ఉండదు. పైకి చూపే బాణం గుర్తు, ఆ వెంట సేకరణ సంవత్సరాన్ని తెలిపే రెండు అంకెలు, ఆపై అక్షరం, వరుస సంఖ్య, చివర మరో అక్షరం ఉంటాయి. పాత పలకపై ఈ నంబరు చెరిగిపోకుండా ఉంటే వాహనం వయసు తెలుసుకోవడానికి అదే తొలి ఆధారం.

మోటారు వాహనాల చట్టం-1988లోని 60వ సెక్షన్ ప్రకారం, రక్షణ అవసరాల కింద నమోదైన వాహనం కేంద్ర ప్రభుత్వ యాజమాన్యం నుంచి బయటకు వచ్చిన వెంటనే దానికి సాధారణ రిజిస్ట్రేషన్ నిబంధనలు వర్తిస్తాయి. అంటే కొన్న వ్యక్తి తన పరిధిలోని రవాణా కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. అందుకు వేలం పత్రాలు, అప్పగింత ఉత్తర్వు, వాటిలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు వాహనంపై ఉన్న నంబర్లతో సరిపోలడం కీలకం. చేతులు మారిన క్రమంలో ఈ కాగితాలు పోతే, నడిచే స్థితిలో ఉన్న ట్రక్కు కూడా చట్టం దృష్టిలో ఇనుప సామానుగానే మిగులుతుంది. కాబట్టి కొనుగోలుదారు ఇంజిన్ శబ్దం వినడానికి ముందే పత్రాలు చదవాలి.

రెండు నిబంధనల నడుమ

కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న, వాణిజ్యేతర ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు ఇవి వర్తిస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా నమోదుకు రుసుము రూ.20,000, పునర్నమోదుకు రూ.5,000. నమోదు పదేళ్లు చెల్లుతుంది. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం నింపుకోవడం, మరమ్మతులు వంటి అవసరాలకే వాహనాన్ని రోడ్డుపైకి తేవాలి.

ఈ నిర్వచనం ప్రధానంగా కార్లు, మోటారు సైకిళ్లను దృష్టిలో పెట్టుకున్నది. ఆరు చక్రాల జీఎంసీ వంటి ట్రక్కు ఇందులో ఇమడదు. భారీ వాహనాల యజమానులు కొనుగోలుకు ముందే రవాణా అధికారుల నుంచి లిఖితపూర్వకంగా స్పష్టత తీసుకోవడం మేలు. మొత్తం బరువు 7,500 కిలోలు మించిన రవాణా వాహనాన్ని నడపాలంటే తేలికపాటి వాహన లైసెన్సు సరిపోదన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

మరోవైపు, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయి, అవి గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు వెళ్తున్నాయి. దేశ రక్షణ కార్యకలాపాల్లో వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది. రోడ్డు భద్రత, కాలుష్య నియంత్రణ దృష్ట్యా ఈ విధానానికి తగిన కారణాలున్నాయి. అయితే 15 ఏళ్లకే కొలిమికి వెళ్లే వాహనం 50 ఏళ్ల వారసత్వ హోదాను ఎన్నటికీ చేరుకోలేదు. ఇప్పటికే ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉన్న పాత ట్రక్కుల విలువ అందుకే పెరుగుతోంది.

రంగు విషయంలోనూ ఒక చిక్కు ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ ఆకుపచ్చ రంగు వేయకూడదు. వాహనాన్ని మూలరూపానికి తేవడమే పునరుద్ధరణ లక్ష్యం కాగా, ఆ మూలమైన రంగే నిషిద్ధం. అందుకే చాలామంది ఇసుక రంగునో, మరో వర్ణాన్నో ఎంచుకుంటారు. లోపలి భాగాల్లో దొరికిన పాత రంగు పొరను చెరపకుండా ఛాయాచిత్రాలు తీసి భద్రపరచడం మంచి పద్ధతి.

పునరుద్ధరణలో జాగ్రత్తలు

పని ఛాసిస్‌తో మొదలవ్వాలి. తుప్పు, పగుళ్లు, పాత వెల్డింగ్ అతుకులు ముందుగా పరిశీలించాలి. విరిగిన కమాను పట్టీలను వెల్డింగ్ చేయడం ప్రమాదకరం. వేడికి ఉక్కు పదును పోయి, బరువు పడగానే పట్టీ మళ్లీ విరుగుతుంది. వాటిని మార్చడమే సరైన మార్గం.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన వాహనంలో బ్రేకు ద్రవం తేమను పీల్చుకుని సిలిండర్లను తుప్పు పట్టిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అయినంత మాత్రాన బ్రేకులు పూర్తిగా విప్పి చూడకుండా వాహనాన్ని కదిలించకూడదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు గనుక ఆ ధూళిని గాలితో ఊదరాదు. తడిగుడ్డతో తుడవాలి.

యుద్ధకాలపు వాహనాల చక్రాలు కొన్ని రెండు భాగాలుగా ఉండి బోల్టులతో బిగించి ఉంటాయి. టైరులో గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు విప్పితే రిమ్ము ఎగిరి ప్రాణం తీయగలదు. విల్లీస్ జీపులో 6 వోల్టుల విద్యుత్ వ్యవస్థ ఉంటుంది. తరువాతి సైనిక వాహనాల్లో 24 వోల్టులు సాధారణం. వోల్టేజీ సరిచూడకుండా బల్బులు, బ్యాటరీలు అమర్చరాదు.

ముందు ఇరుసుకూ శక్తినిచ్చే నాలుగు చక్రాల చోదక వ్యవస్థను పొడి తారురోడ్డుపై వాడకూడదు. మలుపుల్లో ముందు, వెనుక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరగలేక గేర్లపై ఒత్తిడి పెరుగుతుంది. వానాకాలంలో పైకప్పు ఉన్న షెడ్డు తప్పనిసరి. ఇంజిన్‌ను రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే లోపల తేమ మిగిలిపోతుంది. పూర్తిగా వేడెక్కే వరకు నడపాలి.

ఉక్కు నగరాల బలం

మార్కెట్లో దొరకని విడిభాగాన్ని పాత భాగం కొలతలతో కొత్తగా చేయించుకోవలసిందే. లేత్ పనివారు, వెల్డర్లు, పోత పనివారు, ఉక్కు రకాలను ఎరిగినవారు ఒకే చోట దొరికే భిలాయ్ వంటి ఉక్కు పట్టణాలకు ఈ విషయంలో సహజమైన అనుకూలత ఉంది. కర్మాగారంలో, దాని చుట్టూ వెలసిన చిన్న పరిశ్రమల్లో దశాబ్దాలు పనిచేసిన కార్మికుల్లో తెలుగువారూ గణనీయ సంఖ్యలో ఉన్నారు. పదవీ విరమణతో పాటు వారి చేతిపని కూడా కనుమరుగు కాకుండా ఉండేందుకు ఇలాంటి పునరుద్ధరణ ఒక మార్గం కాగలదు.

అమెరికాలో సైనిక వాహనాల పరిరక్షణ సంఘం 1976 నుంచి పనిచేస్తోంది. ఐరోపాలో ఏటా జూన్‌లో పాత సైనిక వాహనాలు నార్మండీ తీరానికి వరుస కడతాయి. భారతదేశంలో ఈ కృషి ఎక్కువగా వ్యక్తుల ఓపికపైనే ఆధారపడి ఉంది. కరిగించిన ఉక్కును మళ్లీ పట్టాలుగానో, పలకలుగానో మలచవచ్చు. జబల్‌పూర్ కార్మికులు తయారుచేసిన ఒక శక్తిమాన్‌ను మాత్రం ఆ ఉక్కు నుంచి తిరిగి పొందలేం.