చేప మిగలాలి

మా ఊరు డబ్లిన్. ఐర్లండులోది అనుకునేరు, కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోకి తూర్పున, కొండల నడుమ, 1982లో నగర హోదా పొందిన చిన్న ఊరు. మా వీధిలో ఒక గుమ్మానికి మామిడాకులుంటే పక్క గుమ్మానికి ఎర్ర కాగితం మీద బంగారు అక్షరాలుంటాయి. ఆ పక్కింటి చైనా మామ్మగారు తమ కొత్త సంవత్సరానికి ముందురాత్రి మమ్మల్ని భోజనానికి పిలిచారు.

ఆ పండగకి ముందే ఇల్లంతా దులుపుతారు. పండగనాడు మాత్రం చీపురు ముట్టరు, వచ్చిన అదృష్టం చెత్తతో పోతుందట. పిల్లలకి ఎర్ర కవర్లలో డబ్బులిస్తారు. బల్ల మధ్య తలా తోకా ఉన్న నిండు చేప. మావాడు దాన్ని ఖాళీ చేయబోతుంటే మామ్మగారు నవ్వి ఆపారు. చైనా భాషలో 'యూ' అంటే చేప; మిగులు అన్న మాటా అలాగే పలుకుతుంది. చేప మిగిలితే ఏడాదంతా మిగులేనని నమ్మకం. (శాకాహారిని కనుక నా వంతు మొత్తం మిగిల్చాను.)

మన ఉగాదిలాగే ఇదీ అమావాస్య లెక్కే. అధికమాసం వాళ్ళెప్పుడు వేశారు, మనమెప్పుడు వేశాం అన్నదాన్నిబట్టి రెండు పండగలకీ ఎడం మారుతుంది: 2025లో రెండు నెలలు, 2026లో ఒక్కటే.

దీన్ని వాళ్ళు కలయిక భోజనం అంటారు. ఎంత దూరాన ఉన్నా ఆ రాత్రికి ఇల్లు చేరాలి. అయితే ఈ గడ్డ మీద చాలాకాలం ఆ కలయికే కుదరలేదు. మా ఊరికి దగ్గరే నైల్స్ కనుమ. 1869లో అక్కడ రైలుపట్టాలు వేసిన కూలీల్లో చైనావాళ్ళున్నారు. 1875 నాటి పేజ్ చట్టం చైనా ఆడవాళ్ళ రాకని దాదాపు ఆపేసింది. 1882 చట్టం కూలీలకీ తలుపు మూసింది. ఇక్కడ మగవాళ్ళు, అక్కడ పెళ్ళాం పిల్లలు. పండగొస్తే ఒకే ఇంటిపేరు వాళ్ళు పెట్టుకున్న సంఘాలే బంధువులు.

1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో రికార్డులు కాలిపోయాక కొందరు ఇక్కడే పుట్టామన్నారు, కాగితాల మీద కొడుకుల్ని పుట్టించారు. ఏంజెల్ ద్వీపంలో (1910-1940) ఆ కొడుకుల్ని నిలబెట్టి, మీ ఊళ్ళో ఇంటి వాకిలి ఏ దిక్కు, మెట్లెన్ని అని ప్రశ్నలు వేసేవారు. వీసా ఇంటర్వ్యూకి వణికిన మనకి ఇది కొంచెం అర్థమవుతుంది.

1943లో నిషేధం ఎత్తేశారు, ఏడాదికి 105 మందికి అనుమతి. 1946లో భారతీయులకిచ్చిన కోటా 100. ఇద్దరికీ తలుపు బాగా తెరుచుకున్నది 1965 చట్టంతోనే. కాలిఫోర్నియా వాళ్ళ కొత్త సంవత్సరాన్ని 2022లో, మన దీపావళిని 2025లో రాష్ట్ర సెలవుల చట్టంలో చేర్చింది.

మామ్మగారు ఈ మధ్యే వచ్చారు, ఆవిడకీ ఈ చరిత్ర కొత్తే. కొడుకు తర్జుమా చేస్తుంటే అంతా విని ఒక్కటే అడిగారు: "మరి వాళ్ళకి ఆ రాత్రి చేప ఎవరు వండేవారు?"