పాత ఫోర్డు సామానులతో పందెపు బండి

పూర్వము మన పల్లెలలో ఎద్దుబండి చక్రము విరిగినచో వడ్రంగి ఆ బండి ఇరుసును చూచి, కొలిచి, దానికి సరిపడు చక్రమును చేయుచుండెను. ఒక బండి చక్రము మరియొక బండికి అమరుట అరుదు. తొలినాటి మోటారు కార్లు కూడ ఇంచుమించు ఇట్లే తయారైనవి. ఫిట్టరు ఆకురాయి చేతబట్టి ప్రతి భాగమును దాని ప్రక్క భాగమునకు అతుకునట్లు రాచుచుండెను. ఈ స్థితి మారినదని లోకమునకు రుజువైనది 1908లో. ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటవద్ద రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు అమెరికానుండి వచ్చిన మూడు కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పించి, వాని భాగములను కలగలిపించిరి. అందుండి 89 భాగములను తీసివేసి, వానికి బదులు కొట్టులో అమ్మకమునకున్న విడి భాగములను ఇచ్చిరి. ఆకురాయితో పని లేకుండగనే మూడు కార్లును మరల కూర్పబడి 500 మైళ్ళు పరుగెత్తినవి.

ఆ ఏడే హెన్రీ ఫోర్డు 'మోడల్ టీ' అను కారును విడుదల చేసెను. 1927 వరకు ఇవి సుమారు 1 కోటి 50 లక్షలు తయారైనవి. మొదట 850 డాలర్లకు అమ్మిన ఈ జాతి కార్లలో రెండు సీట్ల బండి వెల 1925 నాటికి 260 డాలర్లకు దిగినది. తరువాత వచ్చిన 'మోడల్ ఏ' కార్లు 1931 లోపుగా 40 లక్షలకు పైగా అమ్ముడైనవి. భాగములన్నియు ఒకే కొలతకు తయారైనప్పుడే ఇంతటి ఉత్పత్తి సాధ్యము. అయితే దీనివలన ఫోర్డు తలపెట్టని ఫలిత మొకటి కలిగినది. 1930 ప్రాంతమునకు అమెరికాలోని పాత ఇనుప సామాను దొడ్లలో ఒకదాని కొకటి అమరు ఫోర్డు భాగములు గుట్టలుగా పడియుండెను. హాట్ రాడ్ అను బండి ఆ గుట్టలనుండి పుట్టినది.

పాత, చవుక కారులో వేగమునకు పనికిరాని ప్రతి వస్తువును ఊడదీసి, ఇంజనుకు బలము పెంచి చేసిన బండియే హాట్ రాడ్. ఈ పేరు 1940 తరువాతనే వ్యాపించినది. అంతకు ముందు కుర్రవాండ్రు దీనిని 'గౌ జాబ్' అని పిలుచుచుండిరి.

దీని పుట్టిల్లు దక్షిణ కాలిఫోర్నియా. అచ్చట వానలు తక్కువ, మంచు లేదు. కప్పు లేని బండి ఏడాది పొడవునా తిరుగగలదు. పాత ఉక్కు త్వరగా తుప్పు పట్టదు. అన్నిటికంటె ముఖ్యము, లాస్ ఏంజెలిస్ నగరమునకు ఉత్తరమున కొండలు దాటినంతనే మోహావీ ఎడారిలో ఎండిపోయిన సరస్సు లుండుట. వానిలో మురోక్ సరస్సు సుమారు 44 చదరపు మైళ్ళ చదును నేల. చలికాలపు వానకు నిలిచిన పలుచని నీటిని గాలి అటునిటు తోయగా బురద సమముగా పరచుకొని, వేసవిలో గచ్చువలె గట్టిపడును. అచ్చట కాపురముండిన కోరమ్ కుటుంబపు పేరును ఇంగ్లీషు అక్షరములలో తలక్రిందులు చేయగా వచ్చినదే మురోక్ అను పేరు. చిత్రమేమన, 1923 ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెములో మోడల్ టీ ఇంజనునుండి పెంచిన 'ఫ్రాంటీ ఫోర్డు' బండిని అయిదవ స్థానమునకు తెచ్చిన డ్రైవరు పేరు కూడ కోరమే. రెండు సంగతులకును సంబంధము లేదు.

1929లో వచ్చిన ఆర్థిక సంక్షోభము 1933 నాటికి అమెరికాలో ప్రతి నలుగురు పనివాండ్రలో ఒకరిని నిరుద్యోగిని చేసెను. 1932లో ఫోర్డు 65 అశ్వశక్తుల ఎనిమిది సిలిండర్ల కారును 460 డాలర్లకు అమ్మజూపినను, హైస్కూలు చదువుచునో గ్యారేజీలో కూలికి పోవుచునో ఉన్న కుర్రవానికి అది అందని పండే. అతనికి అందినవి పాత సామానుల దొడ్డి, ఒక స్పానరు, సాయంకాలపు తీరిక.

అతడు మొట్టమొదట చేసిన పని ఊడదీయుట. కప్పు, ముందు అద్దము, నాలుగు మడ్గార్డులు, అడుగు పలకలు అన్నియు పోవును. బరువు తగ్గించుటకే ఇట్లు చేసిరని సామాన్యముగా తలచుదురు. అది సగము నిజము. బరువు తగ్గినచో బండి త్వరగా వేగము నందుకొనును గాని, చదును నేలమీద తుది వేగము నిర్ణయించునది ముఖ్యముగా గాలి నిరోధము. గాలిని త్రోసికొని పోవుటకు కావలసిన శక్తి వేగము ఘనమును బట్టి పెరుగును. మోడల్ ఏ కారు 40 అశ్వశక్తులతో గంటకు సుమారు 65 మైళ్ళు పోగలదు. అదే ఆకారముతో 100 మైళ్ళు పోవలెనన్న, గాలి నిరోధమును మాత్రమే లెక్కించినను, సుమారు 145 అశ్వశక్తులు కావలెను. ఆనాటి ఏ పెరటి షెడ్డులోను నాలుగు సిలిండర్ల ఫోర్డునుండి అంత శక్తి పిండుట సాధ్యము కాదు. కాని ఊడదీసిన అద్దము పైసా ఖర్చు లేకుండ కొన్ని అశ్వశక్తులను మిగుల్చును. మోడల్ ఏ చట్రముమీద ఇరుకైన మోడల్ టీ తొట్టిని దించి కూర్చోబెట్టుటలోని రహస్య మిదియే.

తరువాత ఇంజను. మోడల్ ఏ ఇంజనులో సంపీడన నిష్పత్తి 4కు కొంచెము పైన మాత్రమే. సిద్ధాంతరీత్యా నిష్పత్తి 4 అయినపుడు ఉష్ణములో నూటికి 43 పాళ్ళు పనిగా మారగలవు. 6 అయినపుడు 51 పాళ్ళు. నిజమైన ఇంజనులో ఈ పాళ్ళు చాల తక్కువగా ఉన్నను, లాభము అయిదవ వంతు దరిదాపున ఉండును. అందుచే సిలిండర్ల తలమూతను చిత్రికపట్టి పలుచన చేయుదురు; లేదా ఎడ్ విన్‌ఫీల్డ్, జార్జి రైలీ వంటివారు పోతపోసిన తలమూతలను కొందురు. నిష్పత్తి పెరిగినచో ఆనాటి నాసిరకపు పెట్రోలు సిలిండరులో టకటకమని పేలును. 1923నుండి అమ్మకమునకు వచ్చిన సీసము కలిపిన పెట్రోలు దీనిని అణచినది గాని, ఆ సీసము పిల్లల మెదడుకు విషమని తేలి, అమెరికాలో 1996లోను మన దేశములో 2000లోను రోడ్డు బండ్లకు దానిని నిషేధించిరి.

మూడవది వేగముగా తిరుగుట. మోడల్ ఏ ఇంజను తన పూర్తి శక్తిని నిమిషమునకు 2,200 చుట్ల వద్ద ఇచ్చును. వెనుక ఇరుసు పళ్ళ చక్రముల నిష్పత్తి 3.78, చక్రపు వ్యాసము టైరుతో కూడ సుమారు 28 అంగుళములు. విద్యార్థులు లెక్కవేసి చూచినచో గంటకు 60 మైళ్ళకే ఇంజను సుమారు 2,700 చుట్లు తిరుగవలెనని తేలును. 100 మైళ్ళకు 4,500. వాల్వులు ఎక్కువసేపు తెరచియుండునట్లు కామ్ షాఫ్టును మార్చి రాచి, రెండు కార్బురేటర్లు బిగించినచో ఊపిరి చాలును. అసలు ప్రాణసంకటము మరియొక చోట ఉన్నది. పిస్టను పైకి క్రిందికి పోవుటలో కలుగు బలములు చుట్ల వర్గమును బట్టి పెరుగును. చుట్లు రెట్టింపైన బలము నాలుగు రెట్లు. మోడల్ ఏ క్రాంకు షాఫ్టుకు ఉన్నవి మూడు బేరింగులు. ఎదురు బరువులు లేవు. బేరింగులలో పోసినది తగరము, అంటిమొని, రాగి కలిపిన బాబిట్ అను మెత్తని లోహము. షాఫ్టు వంగి కొట్టుకొన్నంతనే బాబిట్ నలిగి, కరగి, కనెక్టింగ్ రాడ్డు ఇంజను గోడను చీల్చుకొని బయటపడును.

ఇచ్చటనే మార్చుకొన దగిన భాగముల మహిమ కనబడును. 1932లో వచ్చిన 'మోడల్ బీ' ఇంజనులో ముఖ్య బేరింగులకు నూనె ఒత్తిడితో అందును. 1933నుండి క్రాంకు షాఫ్టుకు ఎదురు బరువులు కూడ చేర్చిరి. ఆ ఇంజను పాత చట్రములో స్వల్పపు మార్పులతో కూర్చుండును. అందుచే తెలివిగల కుర్రవాండ్రు పాత ఇంజనుకు అలంకారములు కొనుటకంటె దొడ్డిలో బీ ఇంజనును వెదకుటయే మేలని గ్రహించిరి.

బ్రేకుల విషయములో కుర్రవాండ్రు అంత తెలివి చూపలేదు. బండి ఆగుటకు పట్టు దూరము వేగపు వర్గమును బట్టి పెరుగును. 45 మైళ్ళకు తగిన బ్రేకులతో 90 మైళ్ళ వేగమున పోవు బండికి నాలుగు రెట్ల దూరము కావలెను. మోడల్ టీలో కాలి బ్రేకు చక్రములమీద కాక గేరు పెట్టెలోని డోలుమీద పనిచేయును. మోడల్ ఏలో నాలుగు చక్రములకును బ్రేకులున్నను వానిని ఇనుప కడ్డీలు లాగవలెను. ఫోర్డు ద్రవపు ఒత్తిడితో పనిచేయు బ్రేకులను పెట్టినది 1939 మోడలులోనే. అయితే 1948 వరకు ఫోర్డు కార్లలో ముందు ఇరుసు, అడ్డ కమాను ఏర్పాటు పెద్దగా మారలేదు. కావున ఈ క్రొత్త బ్రేకులు కొద్దిపాటి సవరణతో పదేండ్ల క్రితపు బండికి అమరినవి. వేగము నిచ్చు సామాను ముందు వచ్చి, ఆపు సామాను చాల వెనుక వచ్చుటచే ఈ నడుమ కొందరు ప్రాణములు పోగొట్టుకొనిరి. సరస్సుమీదకూడ మొదట అనేక బండ్లను ఒకే వరుసలో వదలుచుండిరి. ముందు పోవు బండి లేపిన దుమ్ములో వెనుకవానికి ఏమియు కనబడదు; అట్లే ఢీకొనిరి. 1937లో క్లబ్బులు కొన్ని కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌ను స్థాపించి బండ్ల తనిఖీకి నియమములు పెట్టెను. ఒక్కొక్క బండినే పంపి కాలము కొలుచు పద్ధతి పిమ్మట స్థిరపడినది.

మురోక్ సైన్యమువారి చేతికి పోయెను. 1947 అక్టోబరు 14న చక్ యేగర్ ధ్వని వేగమును మించిన విమానము ఎగిరినది ఆ సరస్సు ప్రక్కనుండియే. నేడది ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరము. కార్ల పందెములు ఎల్ మిరాజ్ సరస్సునకు మారినవి. యుద్ధానంతరము ఊరి వీధులలో జరిగిన పందెములపై ప్రజలు ఆగ్రహింపగా, 1951లో వాలీ పార్క్స్ జాతీయ సంఘమును స్థాపించి కుర్రవాండ్రను వీధులనుండి ప్రత్యేకపు బాటలకు మళ్ళించెను.

ఈ బండ్లను యుద్ధమునకు ముందటి రీతిలోనే కట్టుకొనువారు నేటికిని కలరు. 1932 చట్రము వంటి పేరుమోసిన వస్తువులు ఇపుడు ధనికులకు తప్ప దొరకవు. తక్కువ ఖర్చున కట్టదలచువారు లక్షలకొలది తయారైన మోడల్ ఏ భాగములనే వెదకుచున్నారు. బాబిట్ పోయగల పనివాండ్రు తగ్గిపోవుటచే కొందరు బేరింగుల గూళ్ళను తొలిపించి నేటి పలుచని పెంకు బేరింగులను అమర్చుచున్నారు. ఎల్ మిరాజ్‌లో పాత నాలుగు సిలిండర్ల ఇంజనులకు ప్రత్యేక తరగతి కలదు. తనిఖీలో నెగ్గిన పిదపనే వానిని సరస్సుమీదికి వదలుదురు.