చీనా చేవకొయ్య పీఠములు

చీనాదేశపు కళ యనగానే పాశ్చాత్యులకు చిరకాలము పింగాణి పాత్రలు, పట్టువస్త్రములు, లక్కపని పెట్టెలు మాత్రమే స్ఫురించుచుండెడివి. ఆ దేశపు గృహస్థుడు కూర్చున్న కుర్చీయు, వ్రాసుకొన్న బల్లయు కళాఖండములే యని వారు గుర్తించుట ఇరువదవ శతాబ్దిలోనే జరిగినది.

మింగు వంశీయుల కాలమున, 1567లో, సముద్రవాణిజ్యముపై నుండిన నిషేధము సడలినది. ఆగ్నేయాసియా నుండి గట్టికొయ్య ఓడలలో వచ్చి సూచౌ మొదలగు నగరముల వడ్రంగులకు అందసాగెను. హైనాన్ ద్వీపమున పెరుగు హువాంగ్‌హువాలీ కొయ్య తేనెవన్నె గలది, పరిమళము గలది. దాని చేవవలననే సన్నని కాళ్ళకును, వంపు తిరిగిన వీపుపలకకును బలము చాలినది. ఆ వడ్రంగులు మేకులపై ఆధారపడలేదు. ఒక కొయ్య కొసను చెక్కి, మరియొక కొయ్యలో తొలిచిన రంధ్రమున బిగించిరి. పలకను చట్రమునకు అంటింపక గాడిలో వదులుగా నిలిపిరి. తేమకు కొయ్య ఉబ్బినను, ఎండకు కుదించుకొన్నను పగులకుండుటకు ఇదియే ఉపాయము.

జర్మన్ విద్వాంసుడగు గుస్తావ్ ఎక్కె 1944లో పెకింగునందు ఈ సామగ్రిపై ఒక గ్రంథము ప్రకటించెను. అచ్చయినవి 200 ప్రతులే. కాని కొలతలతో గూడిన అందలి చిత్రములు పాశ్చాత్యుల దృష్టిని మార్చినవి. తమ వాస్తుశిల్పులు నూతనముగా వెదకుచున్న నిరాడంబర రేఖ ఆ పాత కుర్చీలలో అదివరకే సిద్ధించియుండుట వారికి ఆశ్చర్యము గొలిపెను. అయినను వారు చూచినది సగమే. చీనా గృహములలో శుభదినములందు ఆ కుర్చీలపై పట్టు ఆచ్ఛాదనములు పరచెడివారు. సంగ్రాహకులు ఆ వస్త్రమును మరచి, కొయ్యను మాత్రము శిల్పమువలె కొలిచిరి. చెక్కడపు పని నిండిన తరువాతి కాలపు సామగ్రిని చిన్నచూపు చూచిరి.

చీనాలోనే ఈ సంపదను కాపాడినవాడు వాంగ్ షీషియాంగ్. పాత సామగ్రి నశింపకుండ రక్షింపవలెనని ఆయన 1957లోనే విన్నవించెను. 1985లో వెలువడిన ఆయన గ్రంథము ఈ విద్యకు ప్రమాణమైనది. ఆయన సేకరించిన 79 వస్తువులు నేడు షాంఘై ప్రదర్శనశాలలో నున్నవి. కాలిఫోర్నియాలో కూర్చిన మరియొక సంగ్రహము మాత్రము వేలమునకు వచ్చినది. 1996లో న్యూయార్కులో దానిలోని 107 వస్తువులు కోటి పది లక్షల డాలర్లకు పైగా పలికినవి.

ఈ కథలో తెలుగునేలకును పాలు కలదు. చింగు చక్రవర్తులు మిక్కిలి మక్కువతో వాడిన జీతాన్ కొయ్యను వృక్షశాస్త్రజ్ఞులు ఎర్రచందనముగా గుర్తించుచున్నారు. ఆ చెట్టు సహజముగా పెరుగునది శేషాచలము, వెలిగొండలు మొదలగు తూర్పుకనుమల దక్షిణభాగముననే. 1995 నుండి దాని వ్యాపారము అంతర్జాతీయ ఒడంబడికచే నియంత్రితమైనను, దొంగచాటు నరుకుడు ఆగలేదు. మింగు వడ్రంగి గొప్పతనము కొయ్యను పొదుపుగా వాడుటలో నున్నది. అతని పనిని మెచ్చుకొని, ఆ కొయ్యకై అడవిని హరించుట ఆ కళను అవమానించుటయే యగును.