దుమ్ముగూడెం కోయ మిషన్: పరాయి నేలలో స్థిరపడిన తీరు – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

మిషనరీల చరిత్రను సాధారణంగా వారి ప్రయాణాలు, బోధనలు, స్థాపించిన సంస్థల ఆధారంగా చెబుతారు. దూరదేశం నుంచి వచ్చిన వ్యక్తి ఒకచోట నిలదొక్కుకోవడానికి ఎవరిపై ఆధారపడ్డాడన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమైనది. ఖమ్మం ప్రాంతపు సరిహద్దులో, భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డునున్న దుమ్ముగూడెం ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ. చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య నడిపిన మిషన్‌కు ఈ ఊరే కేంద్రం. అక్కడి మిషనరీల స్థిరనివాసం స్థానికుల శ్రమపైనా భాషపైనా ఎంతగా ఆధారపడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నది పనులు – మిషన్ ఆరంభం:

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. తరువాత ఎగువ గోదావరిని పడవల రాకపోకలకు అనువుగా మార్చి, మధ్య భారతపు పత్తిని సముద్రతీరానికి చేర్చాలని ఆర్థర్ కాటన్ తదితరులు భావించారు. నదిలోని రాతి అడ్డంకులలో మొదటిది దుమ్ముగూడెం వద్ద ఉంది. 1860 ఒప్పందంతో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను బ్రిటిష్ ప్రభుత్వానికి అప్పగించాడు. ఆ తరువాత దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకుల పనులు సాగాయి.

ఆ పనులను పర్యవేక్షించిన ఇంజనీరు ఎఫ్.టి. హేగ్ కోయల మధ్య మిషన్ ఏర్పడటానికి ప్రేరకుడు. అయితే మొదటగా కోయపల్లెలకు బోధకుడై వెళ్లినవాడు ఆంగ్లేయుడు కాదు. హేగ్ వద్ద ఉద్యోగం చేస్తూ క్రైస్తవాన్ని స్వీకరించిన వెంకటరామరాజు కొలువు వదులుకొని ఆ పనికి పూనుకున్నాడు. ‘పరాయి నేల’ అన్న మాట ఇక్కడ సముద్రం దాటినవారికే పరిమితం కాదు. మైదానపు తెలుగువాడికి కూడా అడవి పరాయిదే. కోయల ఆహారం, ఆచారాలు, భాష ఆయన నేర్చుకోవలసినవే.

నది పథకాన్ని ప్రభుత్వం 1871లో విరమించింది. మిషన్‌కు పుట్టుక నిచ్చిన పనులు ఆగినా మిషన్ ఆగలేదు. ఇంజనీర్ల కొలువు నీడలో మొదలైన నివాసం అప్పటినుంచి చుట్టుపక్కల పల్లెలతో ఏర్పరచుకున్న సంబంధాల మీదే నిలవవలసి వచ్చింది.

3. జ్వరం, భాష:

తెలుగునేలపై ఈ సొసైటీ పని 1841లో మచిలీపట్నంలో మొదలైంది. అక్కడికి కలిసి వచ్చిన ఇద్దరిలో హెన్రీ వాట్సన్ ఫాక్స్ ఆరోగ్యం చెడి స్వదేశానికి చేరి 1848లో మరణించాడు. రాబర్ట్ నోబుల్ మాత్రం ఇంటిముఖం చూడకుండా 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. తీరప్రాంతంలోనే జీవితం ఇంత అనిశ్చితంగా ఉంటే, మన్యపు జ్వరాలకు పేరుపడ్డ ఎగువ గోదావరి మరింత కఠినమైనది.

భాష మరో గడప. తెలుగు మిషన్‌కు చెందినవారు ముందుగా తెలుగు నేర్చుకునేవారు. దుమ్ముగూడెంలో అంతటితో సరిపోదు. కోయ గోండికి సన్నిహితమైన ద్రావిడభాష. సొంత లిపి, అప్పటికి చెప్పుకోదగిన లిఖిత సాహిత్యం లేవు. కనుక దాన్ని నేర్చుకోవడానికి పుస్తకం అక్కరకు రాదు, మాట్లాడేవారే గురువులు. మిషనరీకి పల్లెలో గురుస్థానం లభించిందని భావించడం సులభం. భాష విషయంలో మాత్రం అతడు శిష్యుడే.

4. కెయిన్ రచనలు – కోయల మాట:

దుమ్ముగూడెంలో దీర్ఘకాలం పనిచేసిన జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాలపై 1870ల్లో ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో వ్యాసాలు ప్రకటించాడు. 1881లో కోయలపై ఆయన వ్యాసం రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. థర్‌స్టన్ 1909లో వెలువరించిన కులాలు, తెగల గ్రంథంలోని కోయల ప్రకరణం కెయిన్ సమాచారాన్ని విస్తృతంగా ఉపయోగించుకుంది.

ఈ సమాచారంలోని ఒక అంశం గమనించదగినది. ముత్యాలమ్మ, పోతురాజు మొదలైనవారు శూద్రుల దేవతలని, కొమ్మలమ్మ మొదలైనవారు కోయల దేవతలని కోయలు చెప్పినట్లు ఇందులో నమోదైంది. ఇది కేవలం దేవతల పట్టిక కాదు. ‘మీ దేవతలు వేరు, మా దేవతలు వేరు’ అని మైదానం నుంచి వచ్చినవారికి కోయలు గీసి చూపిన సరిహద్దుగా దీన్ని చదవవచ్చు. రాసింది మిషనరీ అయినా విభజన కోయలదే.

ఆ రచనల కాలం కూడా గమనించాలి. ఈ తాలూకాలు 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలోకి మారాయి. పోడుపై పన్ను మూడింతలకు మించి పెరిగింది. 1879 రంప తిరుగుబాటు రేకపల్లికీ వ్యాపించింది. మిషనరీ నివాసాన్ని సాధ్యం చేసిన పాలనే కోయల జీవనాధారాన్ని కుదించింది. కాబట్టి ఆ రచనల్లోని ఆచార వర్ణనలను కాలాతీతమైన గిరిజన జీవితంగా స్వీకరించడం సరికాదు. అవి సంక్షోభకాలంలో సేకరించినవి.

5. ముగింపు:

దుమ్ముగూడెంలో మిషనరీ స్థిరపడటం ఒక్కరి ఓర్పుకు సంబంధించిన కథ కాదు. నది పనులు చోటిచ్చాయి, వెంకటరామరాజు వంటి తెలుగువారు దారి చూపారు, కోయలు భాషనిచ్చారు. చరిత్రలో ఈ మూడింటికి దక్కిన స్థానం సమానం కాదు. ఆంగ్లేయుని పేరు గ్రంథాలలో నిలిచింది, నేర్పినవారు ‘కోయలు’ అన్న సమూహనామంలో కలిసిపోయారు. నేటి పరిశోధకులు కెయిన్, థర్‌స్టన్‌లను ఉదహరించేటప్పుడు వాటిని మిషనరీ పరిశీలనలుగా మాత్రమే గాక, కోయలు చెప్పగా నమోదైన వాఙ్మూలాలుగా కూడా చదవాలి. అప్పుడే భద్రాచలం మన్యపు చరిత్రలో కోయలు వర్ణిత విషయంగా మిగలక, వక్తలుగా కనిపిస్తారు.